నీ చిప్‌లు చావలేదు, ముందు ఆ లావు జీనర్లు పీకెయ్

తమ్ముడూ, నువ్వు రాసిందాంట్లో నాకు అర్థమైంది ఇదీ. ఏటీమెగా8 అనే మైక్రోకంట్రోలర్ చిప్ పెట్టి డాట్ బోర్డు మీద సొంతంగా యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్, అంటే కంప్యూటర్ నుంచి చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించే పరికరం, కట్టావు. స్నేహితుడి ఆర్డ్యునో యూనో బోర్డుతో దాంట్లో ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాం, ఎక్కించావు. మొదటిరోజు ఆ యూనో బోర్డుకే తగిలించి చూస్తే బ్లింక్ ప్రోగ్రాం శుభ్రంగా ఎక్కింది. తర్వాత బ్రెడ్‌బోర్డు మీద కొత్త ఏటీమెగా328పీ చిప్ పెడితే ‘టార్గెట్ డజంట్ ఆన్సర్’, అంటే చిప్ పలకడం లేదు, అంది. చిప్ పోయిందనుకుని రెండోది కొన్నావు. దానికి యూనోతోనే బూట్‌లోడర్ (తర్వాత వచ్చే ప్రోగ్రాంలని లోపలికి తీసుకునే చిన్న ప్రోగ్రాం) ఎక్కించి, తెచ్చి అదే బ్రెడ్‌బోర్డులో పెడితే మళ్లీ అదే మాట. అనుమానంతో ప్రోగ్రామర్‌లోకి అదే ఫర్మ్‌వేర్ ఫైలు ఇంకోసారి ఎక్కించావు. ఇప్పుడు ప్రోగ్రామరే ఒక్కోసారి కంప్యూటర్‌కి కనబడటం లేదు. మూడో చిప్ కొనమంటారా అని అడుగుతున్నావు.

కొనకు. మన విశాఖలో కంచరపాలెం నుంచి డాబాగార్డెన్స్ షాపులకి ఆటో చార్జీ కూడా దండగ. వెళ్తే గిళ్తే రెండు జీనర్ డయోడ్ల (లైను మీద వోల్టేజి హద్దు దాటకుండా ఆపేవి) కోసం వెళ్లు, ఎందుకో కింద చెప్తాను. నీ రెండు చిప్‌లూ నూటికి తొంభై పాళ్లు బతికే ఉన్నాయి. పైగా ఆ రెండూ పలకకపోవడానికి కారణం ఒకటి కాదు, రెండు. నువ్వు రెండింటినీ ఒకే జబ్బు అనుకోవడం వల్లే ఇంత టెన్షన్.

ఇక్కడ రెండు దారులున్నాయి. కంప్యూటర్ నుంచి ప్రోగ్రామర్ దాకా ఒకటి, ప్రోగ్రామర్ నుంచి చిప్ దాకా ఇంకొకటి. ‘కుడ్ నాట్ ఫైండ్ యూఎస్‌బీ డివైస్’ అని వస్తే గొడవ మొదటి దారిలో. ‘టార్గెట్ డజంట్ ఆన్సర్’ అని వస్తే మొదటి దారి బాగున్నట్టే, అడ్డం రెండో దాంట్లో ఉంది. ప్రోగ్రామర్‌ని నడిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఏవీఆర్‌డ్యూడ్ ఇంత చక్కగా విడదీసి చెబుతుంటే మనం మాత్రం రెండు చోట్లా ఒకేసారి వైర్లు పీకుతాం. నీకు ఇప్పుడు రెండు దారుల్లోనూ గుంతలున్నాయి. ముందు మొదటిది పూడ్చు.

నువ్వు పెట్టిన ఫోటో పెద్దది చేసి చూశాను. యూఎస్‌బీ సాకెట్ పక్కన జీనర్లు బొద్దుగా కనిపిస్తున్నాయి. ‘అర వాట్‌వి లేవంటే 1 వాట్‌వి తీసుకున్నాను, ఎక్కువ వాట్లు మంచిదే కదా’ అని నువ్వే రాశావు. రెసిస్టర్ విషయంలో ఆ మాట చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. 1 వాట్ 3.6 వోల్టుల జీనర్, అంటే 1ఎన్4729, తన మీద రాసిన 3.6 వోల్టులు చూపించేది 69 మిల్లీఆంపియర్లు పారినప్పుడు. నీ సర్క్యూట్‌లో 2.2 కిలోఓమ్‌ల పుల్-అప్ (లైనుని 5 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్) గుండా దానికి అందేది మహా అయితే ఒక మిల్లీఆంపియర్. అంత తక్కువ కరెంటులో అది 3.6 దగ్గర నిలబడదు, బాగా కిందికి జారిపోతుంది. దానికి తోడు పెద్ద జంక్షన్ కాబట్టి కెపాసిటెన్స్ కూడా ఎక్కువ. డేటా లైను సెకనుకి 15 లక్షల బిట్ల వేగంతో ఎగిరి దిగుతుంటే ఆ కెపాసిటెన్స్ ప్రతి అంచునూ గుండ్రంగా అరగదీస్తుంది. ఒక కంప్యూటర్ పోర్టు సర్దుకుపోతుంది, ఇంకొకటి సర్దుకోదు. పొట్టి కేబుల్‌తో వస్తుంది, పొడవు కేబుల్‌తో రాదు. నీ ‘ఒక్కోసారి కనబడటం లేదు’ అచ్చంగా ఇలాంటిదే.

షాపులో ‘అర వాట్ 3.6 జీనర్, చిన్న గాజుది’ అని అడుగు. బీజెడ్‌ఎక్స్55సీ3వీ6 దొరికితే అన్నిటికన్నా మేలు, దాన్ని 5 మిల్లీఆంపియర్ల దగ్గరే కొలిచి అమ్ముతారు. 1ఎన్5227 ఇచ్చినా పట్టుకొచ్చేయ్. ఒక్కటి మాత్రం చూసుకో. చిన్న గాజు జీనరూ, 1ఎన్4148 మామూలు డయోడూ కవల పిల్లల్లా ఉంటాయి. డబ్బాల్లో కలిసిపోవడం కొత్తేం కాదు.

వేశాక మీటర్ తీసుకో. ప్రోగ్రామర్‌ని కంప్యూటర్‌కి గుచ్చి, నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కి పెట్టి, ఎర్ర ప్రోబ్‌తో డీ మైనస్ లైను, అంటే కేబుల్‌లో తెల్ల వైరు, తాకు. 3 వోల్టుల చుట్టుపక్కల వస్తే సరే. 0.7 దగ్గర ఆగిపోయిందంటే జీనర్ తిరగేసి వేశావు; నల్ల గీత ఉన్న కొస డేటా లైను వైపు, రెండో కొస గ్రౌండ్ వైపు ఉండాలి. 4 వోల్టులు దాటి చూపిస్తే అది జీనర్ కాదు, ఆ 4148 కవలే. లేదా అసలు టంకమే అంటలేదు. డీ ప్లస్, అంటే ఆకుపచ్చ వైరు, మీద దాదాపు సున్నా రావాలి. సగం జబ్బులు ఈ రెండు కొలతల్లోనే బయటపడతాయి, రెండు నిమిషాల పని.

నువ్వు ఉబుంటు వాడుతున్నానన్నావు కాబట్టి ఇంకో సుళువు ఉంది. గుచ్చిన వెంటనే డీమెసేజ్ కమాండ్ కొట్టి చివరి నాలుగు లైన్లు చదువు. ‘న్యూ లో-స్పీడ్ యూఎస్‌బీ డివైస్’ అని ఉండాలి. ‘ఫుల్-స్పీడ్’ అని కనిపించిందంటే తెల్ల వైరు, ఆకుపచ్చ వైరు ఒకదాని చోట ఇంకొకటి ఉన్నట్టు. పుల్-అప్ ఏ లైను మీద ఉందో చూసే కంప్యూటర్ వేగాన్ని తేల్చుకుంటుంది. ‘లో-స్పీడ్’ అని వచ్చి, దాని వెనకే ‘డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ మైనస్ 71’ అని వస్తే డివైస్ ఉన్నట్టు తెలిసింది గానీ అది మాట్లాడేది అర్థం కావడం లేదని. అప్పుడు జీనర్లు, డేటా లైన్లలో ఉన్న ఆ 68 ఓమ్‌ల రెసిస్టర్లు, చిప్‌కి క్లాకు ఇచ్చే క్రిస్టల్, ఈ వరసలో చూడు. ఏమీ రాకపోతే కేబుల్ మార్చు. పవర్‌బ్యాంకులతో వచ్చే కేబుళ్లలో కొన్నిటికి చార్జింగ్ వైర్లు రెండే ఉంటాయి, డేటా వైర్లే ఉండవు. నేనూ ఓసారి అలాంటి కేబుల్ పెట్టుకుని ఒక సాయంత్రం అంతా బోర్డుని తిట్టాను.

క్రిస్టల్ విషయానికొస్తే, మొదటిరోజు పనిచేసింది కాబట్టి నువ్వు వేసింది 12 మెగాహెర్ట్జే, ఏటీమెగా8 ఫ్యూజులూ (చిప్ ఏ క్లాకు మీద నడవాలి లాంటివి తేల్చే లోపలి సెట్టింగులు) సరైనవే. ఇప్పుడు అనుమానించాల్సింది దాని కాళ్ల దగ్గర టంకం ఊడిందా అని మాత్రమే. అది ఆడుతోందో లేదో మీటర్‌తో చూడబోతే ప్రోబ్ తగలగానే ఆగిపోవచ్చు. ఆసిలోస్కోప్ నీ దగ్గర లేదు, నా దగ్గరా చాలా ఏళ్లు లేదు. నా పద్ధతి వేరు. ఇంట్లో తాతగారి కాలం నాటి షార్ట్‌వేవ్ రేడియో ఉంటే 25 మీటర్ల బ్యాండులో 12 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టి, బోర్డుని ఏరియల్ పక్కకి తీసుకురా. ముల్లు మెల్లగా జరుపుతుంటే ఒకచోట సొర్రుమనే రొద చప్పున అణిగిపోతుంది. బోర్డు పీకేస్తే రొద మళ్లీ మొదలవుతుంది. క్రిస్టల్ ఆడుతోందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మా ఆవిడ దీన్ని ‘రేడియోకి బోర్డు చూపించడం’ అంటుంది, దిష్టి తీసినట్టుంటుందట.

ఇక ఫోటోలో నన్ను ఆపేసిన ఇంకో వస్తువు. జేపీ2 పిన్నుల మీద నల్ల జంపర్ టోపీ ఇంకా ఉంది. ప్రోగ్రామర్‌లోకి ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు మాత్రమే పెట్టాల్సిన జంపర్ అది. రెండోసారి ఎక్కించాక తియ్యడం మర్చిపోయినట్టున్నావు. అది ఉన్నంతసేపు ప్రోగ్రామర్ సొంత రీసెట్ కాలు, టార్గెట్‌కి వెళ్లే రీసెట్ లైను ఒకే తీగ. టార్గెట్‌ని రీసెట్ చెయ్యబోయి ప్రోగ్రామర్ తనని తానే రీసెట్ చేసుకుంటుంది. కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టు. గుర్తు ఎలాగంటే, గుచ్చినప్పుడు బాగానే కనబడుతుంది, కమాండ్ కొట్టిన క్షణంలో మాయమై మళ్లీ వస్తుంది. విండోస్‌లో అయితే ఆ టుంగ్-టింగ్ చప్పుడు కూడా వినబడుతుంది. గుచ్చగానే కనబడకపోతే జీనరో కేబులో, కమాండ్ కొట్టాక పోతే జంపర్. 2012లో నేను కట్టిన మొదటి బోర్డులో ఇదే తప్పు చేసి, రెండు రోజులు కంప్యూటర్ డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చున్నాను. తప్పు డ్రైవర్లది కాదని నాకు చెప్పినవాడు లేడు. నీకు చెప్తున్నాను, తీసెయ్.

సరే, మొదటి దారి అయ్యింది. ఇప్పుడు చిప్‌లు.

మొదటి చిప్ సంగతి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త ఏటీమెగా328పీ లోపల 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ ఉంటుంది, దాన్ని 8తో భాగించే ఫ్యూజు ముందే పెట్టి ఉంటుంది. అంటే చిప్ నడిచేది 1 మెగాహెర్ట్జ్ మీద. ప్రోగ్రామర్ పంపే ఎస్‌సీకే క్లాకు, ఇలా నెమ్మదిగా నడిచే చిప్ క్లాకులో నాలుగోవంతు కన్నా తక్కువ ఉండాలి. కొత్త చిప్‌కి ఆ హద్దు 250 కిలోహెర్ట్జ్. నీ యూఎస్‌బీఏఎస్‌పీ ఏమీ చెప్పకపోతే పంపేది 375. పాఠం అందుకోలేని పిల్లాడికి గబగబా చెప్పుకుపోతే ఏం పలుకుతాడు? మొదటిరోజు యూనో బోర్డు మీద ఎందుకు పలికిందో ఇప్పుడు అర్థమైందా? దాని మీద 16 మెగాహెర్ట్జ్ ఉంది, హద్దు 2 మెగాహెర్ట్జ్‌కి పైనే. 375 దానికి ఒక లెక్కా?

విరుగుడు సులువు. కమాండ్‌లో మైనస్ బి 10 (పెద్ద అక్షరం B) అని చేరిస్తే ఎస్‌సీకే 93.75 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది. కానీ నీ స్క్రీన్‌షాట్‌లో ‘కెనాట్ సెట్ ఎస్‌సీకే పీరియడ్’ అని ఒక వార్నింగ్ ఉంది. చాలామంది దాన్ని చూసి బెదిరిపోతారు. అందులో భయపడాల్సిందేం లేదు, నీ ఫర్మ్‌వేర్ పాతది, వేగం తగ్గించమన్న మాట దానికి తెలియదు, అంతే. అప్పుడు మైనస్ బి ఎంత పెట్టినా ఫలితం ఉండదు. జేపీ3 జంపర్ పెట్టు, అంటే ఏటీమెగా8లో 25వ కాలుని గ్రౌండ్‌కి కలుపు. ఎస్‌సీకే 8 కిలోహెర్ట్జ్‌కి పడిపోతుంది. నత్తనడకే, చిన్న ప్రోగ్రాం ఎక్కడానికీ కాసేపు పడుతుంది. ఒకసారి లో ఫ్యూజు మార్చి చిప్‌ని 8 మెగాహెర్ట్జ్‌కి తెచ్చుకున్నావంటే (62 ఉన్నచోట ఈ2) జంపర్ తీసేసి మామూలు వేగంతో పోవచ్చు.

రెండో చిప్ కథ వేరు. దానికి ఆర్డ్యునో నుంచి బూట్‌లోడర్ ఎక్కించావు. ఆర్డ్యునో ప్రోగ్రామర్‌గా పనిచేసేటప్పుడు 166 కిలోహెర్ట్జ్ మించి పోదు, 250 హద్దు దాటదు, అందుకే కొత్త చిప్‌తో కూడా ఏ పేచీ లేకుండా మాట్లాడింది. కానీ యూనో బూట్‌లోడర్ ఎక్కిస్తే లో ఫ్యూజు ఎఫ్‌ఎఫ్ అవుతుంది. ‘ఇకనుంచి బయటి క్రిస్టల్ మీదే నడువు’ అని చిప్‌కి చెప్పడం అన్నమాట. నీ బ్రెడ్‌బోర్డు మీద 9, 10 కాళ్ల మధ్య క్రిస్టల్ ఎక్కడుంది? ఫోటోలో నాకు ఖాళీ రంధ్రాలే కనిపిస్తున్నాయి. క్లాకు లేని చిప్‌కి గుండె కొట్టుకోదు, పిలిచినా పలకదు. చచ్చిపోయిందంటాం గానీ అది నిద్రే. 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆ రెండు కాళ్ల మధ్య పెట్టి, ఒక్కో కాలు నుంచి 22 పికోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ గ్రౌండ్‌కి వెయ్యి. క్రిస్టల్‌ని చిప్‌కి ఆనించినంత దగ్గరగా పెట్టు, బ్రెడ్‌బోర్డులో పొడవాటి జంపర్ వైర్లతో వేలాడదీస్తే ఆడదు. ఈ చిప్‌కి జేపీ3 కూడా అక్కర్లేదు.

ఎక్కడైనా చూసి ఇంకేదైనా ఫ్యూజు నువ్వే రాసి ఉంటే మాత్రం నాకు చెప్పు. పొరపాటున ‘ఎక్స్‌టర్నల్ క్లాక్’ ఎంచుకుంటే క్రిస్టల్ చాలదు, 9వ కాలుకి బయటి నుంచి క్లాకు అందించాలి. స్నేహితుడి యూనోలో టైమర్1ని టాగుల్ చేసి 9వ పిన్ను నుంచి 8 మెగాహెర్ట్జ్ తియ్యొచ్చు, స్కెచ్ నేను రాసిస్తాను. రీసెట్ కాలునే మూసేసే ఫ్యూజు రాసుంటే మాత్రం ఈ ప్రోగ్రామర్‌తో కాదు, 12 వోల్టుల పద్ధతి కావాలి. నువ్వు రాసినదాన్ని బట్టి అంత దూరం పోలేదులే.

బ్రెడ్‌బోర్డు వైరింగ్ మీద రెండు ముక్కలు. సీరియల్ పోర్టు అలవాటుతో మన కుర్రాళ్లు ఎంఓఎస్‌ఐని (చిప్‌లోకి డేటా పోయే తీగ) ఎంఐఎస్‌ఓకి (చిప్ నుంచి డేటా వచ్చే తీగ) క్రాస్ చేసేస్తారు. ఇక్కడ క్రాస్ లేదు. ఎంఓఎస్‌ఐ 17కి, ఎంఐఎస్‌ఓ 18కి, ఎస్‌సీకే 19కి, రీసెట్ 1కి, నేరుగా. రెండోది, 7వ కాలుకి 5 వోల్టులు ఇచ్చి 20వ కాలుని వదిలేస్తారు, ‘అనలాగ్ వాడటం లేదు కదా’ అని. వదలకూడదు. 7, 20 రెండూ 5 వోల్టులకి, 8, 22 రెండూ గ్రౌండ్‌కి, చిప్ పక్కనే 104 (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్ ఒకటి. ఆ పది పిన్నుల హెడర్‌ని బోర్డు వెనక నుంచి టంకం వేసేటప్పుడు కుడి ఎడమలు మారిపోతాయి, కానీ నీది యూనోతో పనిచేసింది కాబట్టి హెడర్ సరిగ్గానే ఉంది.

చిప్ పలికాక సంతకం, అంటే దాని రకం చెప్పే సిగ్నేచర్, చదువు. ఏటీమెగా328పీ అయితే 1ఈ 95 0ఎఫ్ రావాలి. అన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్‌లో వస్తే అది సంతకమే కాదు, ముందు ఎంఐఎస్‌ఓ తీగ ఎక్కడైనా తెగిందేమో, గ్రౌండ్‌కో ఐదు వోల్టులకో అంటుకుందేమో చూడు. 1ఈ 95 14 వస్తే షాపువాడు నీకు చివర ‘పీ’ లేని 328 అంటగట్టాడు, కమాండ్‌లో పార్ట్ పేరు మారిస్తే చాలు, చిప్ మంచిదే. మైనస్ ఎఫ్ పెట్టి బలవంతంగా మాత్రం పోకు. సంతకం తప్పు వచ్చినప్పుడు ఫ్యూజులు రాయడమంటే కళ్లకు గంతలు కట్టుకుని బీచ్ రోడ్డు దాటడమే.

ఇంకొకటి, ఇది మన ఊరికి ప్రత్యేకం. నీ బోర్డు వెనక ఫోటోలో టంకం చుట్టూ గోధుమరంగు జిగురు అలాగే ఉంది. డబ్బా పేస్టు వాడావు, అవునా? వేరే ఊళ్లలో అది కొన్నాళ్లు ఊరుకుంటుందేమో. ఇక్కడ సముద్రపు గాలికి బైకు చైన్లే తుప్పు పడతాయి, వానాకాలంలో ఉతికిన చొక్కా రెండు రోజులకి ఆరదు. ఆ జిగురు తేమ పీల్చుకుని కాళ్ల మధ్య సన్నగా కరెంటు పారనిస్తుంది. పొద్దున పనిచేసి సాయంత్రం మొరాయించే బోర్డుల్లో ఎన్నో నేను కడిగి బాగుచేసినవే. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా ఇంట్లో పార్టుల డబ్బా తడిసింది. కరెంటు వచ్చాక తెరిచి చూస్తే పేస్టు అంటిన పిన్నులన్నీ పచ్చగా చిలుం పట్టాయి, శుభ్రంగా కడిగి పెట్టుకున్న బోర్డులు మాత్రం తుడిస్తే సరిపోయాయి. పాత టూత్‌బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకుని వెనకవైపు బాగా రుద్ది, ఫ్యాన్ కింద ఓ అరగంట ఆరబెట్టు. రుద్దేటప్పుడు ఏటీమెగా8 కింద 17, 18 కాళ్ల మధ్య భూతద్దం పెట్టి చూడు. నీ ఫోటోలో అక్కడ వెంట్రుకలాంటి టంకం పోగు ఒకటి ఉన్నట్టు నాకు అనిపిస్తోంది, నీడ కూడా కావచ్చు. బ్లేడు కొసతో ఒకసారి గీస్తే తేలిపోతుంది. ఇకనుంచి ఆ పేస్టు మానేసి, లోపల రోజిన్ ఉన్న సన్న సోల్డర్ వైరు వాడు.

ఈ రాత్రికి జంపర్ తీసి, బోర్డు కడిగి, రెండో చిప్‌కి క్రిస్టల్ పెట్టు. జీనర్లు వచ్చేదాకా పొట్టి కేబుల్‌తో, డెస్క్‌టాప్ వెనక పోర్టులో ప్రయత్నించు, వస్తే రావచ్చు. రేపు జీనర్లు వేశాక డీమెసేజ్ చివరి నాలుగు లైన్లు, తెల్ల వైరు మీద వోల్టేజి, సంతకంలో వచ్చిన మూడు అంకెలు, ఇవి రాసి పెట్టు. నేను రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.